మూడు పొద్దుల సాక్ష్యం

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊళ్ళో జనం కునుకు ఎందుకు తీస్తారో ఎవరికీ చెప్పక్కరలేదు. వకుళ ఎందుకు తీస్తుందో మాత్రం ఆమె పెద్దమ్మ వరలక్ష్మమ్మకు ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కలేదు.

"పడుకోడానికి నుదుటికి ఆ పట్టీ ఎందుకే? తలనొప్పా?"

"కాదు పెద్దమ్మా. ఎవరో ఒకాయన తేనెపట్టు ఎలా దింపాలో రాశాడు. ఆయన నిజంగా దింపాడో లేదో చూసొస్తాను."

"పడుకునా?"

"పడుకునే."

"బాగుంది సంబడం. మా కాలంలో మెలకువగా ఉండి చూసేవాళ్ళం" అని పెద్దమ్మ వక్కపలుకు నోట్లో వేసుకునేది. వకుళ నవ్వుకుని, పట్టీ బిగించుకుని, కళ్ళు మూసుకునేది. పది నిమిషాల్లో ఎవరి చెట్టో ఎక్కి, ఎవరి చేతులతోనో పొగ పెట్టి, ఎవరి మెడ మీదో తేనెటీగ కుట్టించుకుని లేచేది. లేచాక మెడ తడుముకుని, "చూశాను" అని ఒక్క మాట రాసేది. ఆ మాటకి విలువ ఎంతో పెద్దమ్మకు తెలియదు గాని, తెలుగు చదవగలిగిన వాళ్ళలో చాలామందికి తెలుసు.

ఆ మాట రాసే చోటు పేరు ఉమ్మడి పుట. ఎవరికి తెలిసింది వాళ్ళు అంతర్జాలంలో రాసి పెట్టే పుస్తకం అది. వలలు అల్లడం, పాము కరిస్తే చెయ్యకూడనివి, ఏ వానకి ఏ విత్తు, బాలింతకి ఏం పెట్టాలి, అన్నీ ఉంటాయి. రాసేవాళ్ళకు ఎప్పుడూ కొదవ లేదు. చిక్కల్లా నమ్మకం దగ్గరే వచ్చింది. మొహం తెలియని మనుషులు, మారుపేర్లు. ఒకరు రాసింది ఇంకొకరు చెరిపేవారు, చెరిపినవాణ్ణి వేరొకరు తిట్టేవారు. వాదాలు తాటిచెట్టంత పెరిగి అసలు విషయం అడుగున పడిపోయేది. సముద్రం ఒడ్డున చిన్న ప్రయోగశాల నడిపే పట్టాభి, విసిగి వేసారి, ఈ పట్టీ కనిపెట్టాడు. రాసేవాళ్ళు పట్టీ పెట్టుకుని తమకు తెలిసినది ఎలా తెలిసిందో ఒకసారి గుర్తు చేసుకుంటే చాలు, ఆ జ్ఞాపకం పుటలో నిలిచిపోతుంది. ఇంకొకరు ఎక్కడున్నా పట్టీ పెట్టుకుని కునుకు తీస్తే ఆ జ్ఞాపకంలోకి దిగి చూడొచ్చు. దానికి పట్టాభి పెట్టిన సంస్కృతం పేరు ఎవరికీ నోరు తిరగలేదు. అందరూ కునుకుపట్టీ అన్నారు. రాసిన మనిషితో కలిపి అలా ముగ్గురు సాక్ష్యం చెబితే దాని పక్కన పచ్చచుక్క వెలుగుతుంది. పచ్చచుక్క వచ్చిందంటే ఇక వాదం లేదు.

వకుళ పట్టాభి దగ్గరే పనిచేసేది. నాలుగేళ్ళలో నాలుగు వందల పన్నెండు కునుకులు తీసింది. ఒక్కదాంట్లోనూ తొందరపడి మాట ఇవ్వలేదు. అందుకే కొత్తవాళ్ళు ఏదైనా రాస్తే, "వకుళగారు చూశారా?" అని అడిగేవారు.

ఇంతమంది జ్ఞాపకాలు చూసిన మనిషి తన జ్ఞాపకం అని పుటలో పెట్టింది ఒక్కటే. అది కొండల్లో దొరికే చేదుదుంప గురించి.

వకుళ తండ్రి రోడ్ల శాఖలో ఓవర్సీరు. ఆమె పుట్టినప్పుడు వాళ్ళు ఏజెన్సీలో, కొండల మధ్య గవర్నమెంటు క్వార్టర్లలో ఉండేవారు. తల్లి రుక్మిణి వకుళకు ఆరో ఏట జ్వరంతో పోయింది. పెద్దమ్మ వచ్చి పిల్లను చంకనేసుకుని విశాఖపట్నం తెచ్చేసింది. తల్లి ఫొటో ఒకటే, పెళ్ళిది, తల దించుకుని ఉంటుంది. వకుళకు తల్లి మొహం గుర్తులేదు. ముప్పై ఏళ్ళు దాటేదాకా అది లోటుగానే ఉండిపోయింది. అలాంటిది రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం, బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉండగా, అమ్మ గుర్తొచ్చింది. దానంతట అదే వచ్చింది.

కొండవాగు. తెల్లటి నీళ్ళు. రాళ్ళ మధ్య ఇరికించిన వెదురుబుట్ట, దాన్నిండా పల్చగా తరిగిన దుంప ముక్కలు. పొద్దున్నే అమ్మ వాగులోకి దిగి, మోచేతి దాకా ముంచి, ముక్కల్ని కలియబెడుతోంది. అలా ఒక పొద్దు, రెండు పొద్దులు, మూడు. మూడో నాడు బుట్ట ఎత్తి, ఉడకబెట్టి, ఒక ముక్క తను నోట్లో వేసుకుని, చెయ్యెత్తి "ఆగు" అన్నట్టు చూపించి, ఎదురుగా కూర్చుంది. కూర్చుని చూసింది. ఎంతసేపో చూసింది. ఆకుల్లోంచి పడే వెలుగు ఆమె మొహం మీద కదులుతుంటే, లోకంలో ఇంకేమీ లేనట్టు, రెప్ప వెయ్యకుండా చూసింది.

బస్సు దిగాల్సిన చోటు దాటిపోయినా వకుళ దిగలేదు. చివరి స్టాపులో కండక్టరు లేపేదాకా ఏడుస్తూనే ఉంది.

ఆ జ్ఞాపకాన్ని ఆమె పుటలో పెట్టింది. చేదుదుంపకు విషం ఉంటుందనీ, తరిగి మూడు రోజులు పారే నీళ్ళలో ఉంచితే పోతుందనీ రాసింది. ఇద్దరు సాక్షులు కునుకు తీసి, కళ్ళు తుడుచుకుంటూ లేచి, "చూశాము" అన్నారు. వాళ్ళలో ఒకాయన కొన్నాళ్ళకు, మా అమ్మమ్మ కూడా ఇలాగే చేసేదని తన జ్ఞాపకమూ చేర్చాడు. పచ్చచుక్క వెలిగింది.

*

ఈ ఆషాఢంలో ఉత్తరం వచ్చింది. గోదావరి అవతలి నుంచి ఒక భర్త రాశాడు.

"మీ పుటలో చదివి దుంప మూడు రోజులు కాలవలో ఉంచి వండుకున్నాం. నేను రెండు ముక్కలే తిన్నాను. మా ఆవిడ కడుపునిండా తింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో మనుషుల్ని గుర్తుపట్టలేదు. ఇప్పుడు ఫరవాలేదు. మిమ్మల్ని తిట్టడానికి రాయడం లేదు. ముగ్గురు చూశామన్నారు కదా, అందుకని నమ్మాం. మీరు నిజంగా చూశారా?"

పట్టాభి ఉత్తరం చదివిన వెంటనే పచ్చచుక్క తీసేసి, "తినకండి" అని ఎర్రగా రాశాడు. గంట తిరక్కుండా ఎవరో ఆ ఎర్రగీత చెరిపేశారు. కింద కారణం రాశారు: "వకుళగారి సాక్ష్యం ఉంది. ఆ ఇంటివాళ్ళు సరిగ్గా కడిగి ఉండరు." పట్టాభి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ చెరిపారు. పుట ఎవరి సొత్తూ కాదు, పట్టాభిదీ కాదు. ముగ్గురు సాక్షులున్న మాటను ఒక్కడు కాదంటే చెల్లదన్నది ఆయన పెట్టిన నియమమే. ఇప్పుడు అదే ఆయన కాళ్ళకి అడ్డం పడింది.

"వాళ్ళు నిన్ను నమ్ముతున్నారు వకుళా. నువ్వు చెబితేనే ఎర్రగీత నిలుస్తుంది" అన్నాడు.

"ఏమని చెప్పను? మూడు రోజులే. నా కళ్ళతో చూశాను."

"తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే ఎలాగమ్మా? ఆవిడ ఆసుపత్రిలో పడింది కదా."

"మా అమ్మ తప్పు చేస్తుందా?" అని వకుళ గట్టిగా అంది. అన్నాక తనకే సిగ్గేసింది. పట్టాభి కిటికీ లోంచి సముద్రం కేసి చూస్తూ నిలబడ్డాడు.

ఆమె ఇంటికి వచ్చేసింది. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వకుళ పక్కన చతికిలబడి తనూ ఒక గుప్పెడు తీసుకుంది.

"పెద్దమ్మా, అమ్మ వాగులో దుంపలు నానబెట్టేది కదూ?"

"ఎవరు, రుక్కా?" పెద్దమ్మ పకపకా నవ్వింది. "రుక్కు వాగులోకి దిగడమా! దానికి నీళ్ళంటే ప్రాణభయం. చిన్నప్పుడు కాలవలో పడి బతికింది. వాన గట్టిగా పడితే నిన్ను ఎత్తుకుని తలుపు వెనక నిలబడేదిట. మీ నాన్న చెప్పి చెప్పి నవ్వేవాడు."

"మోచేతి దాకా ముంచి కలియబెడుతుంటే నేను చూశాను. చేతి మీద పచ్చబొట్టు, చుక్కలు చుక్కలుగా..."

పెద్దమ్మ నవ్వు ఆపేసింది. చేతిలో గింజ పక్కన పెట్టి, వకుళ మొహంలోకి చూసింది.

"మీ అమ్మకి పచ్చబొట్టు లేదే తల్లీ. సూది చూస్తే ఆమడ దూరం పారిపోయేది. నువ్వు చూసింది ఎవర్నో."

*

మర్నాడు మధ్యాహ్నం వకుళ ప్రయోగశాలలో పడకకుర్చీ మీద వాలింది. నాలుగు వందల పన్నెండు సార్లు ఇతరుల జ్ఞాపకాల్లోకి దిగిన మనిషి, మొదటిసారి తన జ్ఞాపకంలోకి తనే సాక్షిగా దిగబోతోంది.

"ఏం చూడాలనుకుంటున్నావు?" అని అడిగాడు పట్టాభి.

"తెలియదు. అమ్మ మొహం తప్ప ఇంకేదైనా."

కళ్ళు మూతపడ్డాయి. వాగు చప్పుడు దగ్గరకొచ్చింది. తడిసిన వెదురు వాసన, కాళ్ళ కింద చల్లటి రాయి. ఆమె వచ్చింది, వంగింది, చేతులు ముంచింది. పచ్చబొట్టు చుక్కలు నీళ్ళలో చిన్న చేపల్లా కదిలాయి. ముక్క నోట్లో వేసుకుంది. చెయ్యెత్తింది. చూసింది. ఆ చూపులోనే ఉండిపోవాలని వకుళకు ప్రాణం కొట్టుకుపోయింది. ఎప్పుడూ అక్కడే ఉండిపోయేది, అందుకే ఇంకేమీ చూడలేదు. ఈసారి బలవంతాన, మెడ విరుచుకున్నంత కష్టంగా, తల కిందకి దించింది.

దుమ్ము కొట్టుకున్న రెండు మోకాళ్ళు. ఒకదాని మీద పాత గాయం మచ్చ. మోకాళ్ళ పైన ఖాకీ నిక్కరు.

మగపిల్లాడి మోకాళ్ళు.

ఆమె లేచి కూర్చుంది. పట్టాభి మంచినీళ్ళు ఇచ్చాడు.

"ఎవరి జ్ఞాపకమో ఎప్పుడో చూసి ఉంటాను. నాకు ఖాళీ ఉంది కదా, అందులోకి వచ్చి కూర్చుంది" అంది చివరికి. "దాన్ని నాదని రాశాను. ఆ ఇద్దరూ నా జ్ఞాపకంలోకి దిగి చూశారు. వాళ్ళలో ఒకాయన తనకీ ఉందనుకున్నాడు. ముగ్గురం కాదు పట్టాభిగారూ, అంతా కలిపి ఒక్కడే సాక్షి. ఆ నిక్కరు పిల్లాడు."

పట్టాభి కుర్చీలో కూలబడ్డాడు. ఇలాంటిది జరగొచ్చని ఆయన ఎన్నడూ ఊహించలేదు. జ్ఞాపకం అబద్ధం చెప్పదు కదా అనుకున్నాడు గాని, అది ఇల్లు మారుతుందని అనుకోలేదు.

"చెరిపేసే పద్ధతి ఉంది" అన్నాడు మెల్లగా. "కునుకులో చూసినదాన్ని చూసినవాళ్ళ తలలోంచి తీసెయ్యొచ్చు. నీలోంచి, ఆ ఇద్దరిలోంచి. పుట శుభ్రపడుతుంది. కానీ నీకు..."

"నాకు మళ్ళీ పెళ్ళిఫొటో మిగులుతుంది. అంతేగా."

ముందు చెయ్యాల్సిన పని ముందు చేసింది. చేదుదుంప పుట తెరిచి, అందరికీ కనబడేలా మొదటి వాక్యం రాసింది: "ఈ జ్ఞాపకం నాది కాదు. నేను మా అమ్మ అనుకున్న మనిషి మా అమ్మ కాదు. మూడు రోజులన్న మాట నమ్మకండి, ఈ దుంప తినకండి. నేను పొరబడ్డాను." కింద తన పూర్తి పేరు పెట్టింది. తల్లి రెండోసారి పోయినట్టు అనిపించింది. ఈసారి తన చేతులతోనే సాగనంపింది.

ఎర్రగీతను ఇంక ఎవరూ చెరపలేదు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. సాయంత్రానికి పుట అంతా ఆ మాటే. కొందరు ఛీ అన్నారు. ఇంతకాలం నమ్మినందుకు చెంపలు వేసుకున్నామన్నారు. కానీ వారం తిరిగేలోపు ఒక వింత జరిగింది. సాక్షులు ఒక్కొక్కరే తమ జ్ఞాపకాల్లోకి దిగి మోకాళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు. కోనసీమ పంతులుగారు తన కొబ్బరితోటలో పరికిణీ కట్టుకుని ఉన్నారు. ఒక డాక్టరమ్మ ముసలి పాదాలకు కిర్రుచెప్పులు వేసుకుని ఉంది. "నాది కాదు" అని వాళ్ళూ రాశారు. ఏడో నాటికి నలభై మంది అయ్యారు.

"నువ్వు పరువు పోయిందనుకుంటున్నావు. కొత్తవాళ్ళు ఏమని అడుగుతున్నారో తెలుసా?" అన్నాడు పట్టాభి. "మోకాళ్ళు చూసుకున్నారా, అని అడుగుతున్నారు."

వకుళ నవ్వలేకపోయింది.

*

తను తీసిన కునుకుల జాబితా ముందేసుకుని ఆ పిల్లాడి కోసం వెతికింది. మూడు వందలు దాటాక దొరికింది. "కొండబుట్ట అల్లే పద్ధతి", రాసినవాడి మారుపేరు గెడ్డగట్టు; కొండ ప్రాంతంలో గెడ్డ అంటే వాగు. ఆ జ్ఞాపకంలో బుట్ట ముఖ్యం, దుంప కాదు. తల్లి బుట్ట ఎలా అల్లిందో చెప్పబోయి, దాన్ని వాడిన మూడు రోజులూ గుర్తు చేసుకున్నాడు. వకుళ అప్పుడు అది చూసింది, "చూశాను" అని రాసింది, మర్చిపోయింది.

పట్టాభి దగ్గర నంబరు తీసుకుని ఫోను చేసింది. పేరు వంతల సింహాచలం, పాడేరు ఘాట్ రోడ్డు బస్సులో కండక్టరు. ఆయన విషయమంతా విన్నాడు.

"ఆ బుట్ట నానొచ్చీసరికే గెడ్డలో ఉందండీ" అన్నాడు. "హాస్టల్ నుంచి సెలవలకొచ్చినాను. అంతకు ముందు ఎన్ని పొద్దులున్నదో నాకు తెల్దు. నాను సూసింది మూడు పొద్దులే. నాను దుంప సంగతి రాయనేదు గదండీ, బుట్ట సంగతే రాసినాను."

"తప్పు మీది కాదండీ. నాది."

"మా పిన్ని ఉంది. దాన్నడిగి సెప్తాను." మర్నాడు ఆయనే చేశాడు. "ఏడు పొద్దులంటండి. ఏడుకి ఒకటి తగ్గినా కుక్కకి కూడా పెట్టరంట. ఒక పని సేస్తాను. ఇయాల బుట్ట గెడ్డలో యేసీసి ఉంచుతాను. వారానికి రండి. కళ్ళతో సూసి రాసుకుందురు గాని."

ఎనిమిదో నాడు వకుళ వెళ్ళింది. మబ్బు కొండల నడుముల దాకా దిగి ఉంది. ఊరు దాటి, పసుపు చేల గట్ల మీంచి నడిపించుకుంటూ సింహాచలం ఆమెను వాగు దగ్గరకు తీసుకెళ్ళాడు. వకుళ ఆ రాయి చూసింది, ఈ వంపు చూసింది. ఎప్పుడూ రాని చోటు, అడుగడుగూ తెలుసు. ఎడమ పక్క రాయి జారుతుందని ఆయన చెప్పకముందే కాలు తీసి పక్కన వేసింది. సింహాచలం అది గమనించాడు.

ఆయన బుట్ట ఎత్తి, ముక్కలు కడిగి, ఒడ్డునే మూడు రాళ్ళ పొయ్యి పెట్టి ఉడకేశాడు. పొగ నీళ్ళ మీద పాకుతూ పోయింది.

"సింహాచలంగారూ, ఇది మీ అమ్మ. నా దగ్గర ఉండకూడదు" అంది వకుళ. ఈ మాట ఎలా చెప్పాలా అని దారంతా అనుకుంటూనే వచ్చింది. "చెరిపేసే పద్ధతి ఉంది. మీరు ఊఁ అంటే చెరిపించుకుంటాను."

ఆయన పుల్ల ఎగదోసి, పొగకి కళ్ళు చికిలించుకున్నాడు.

"మాయమ్మ పేరు దాలమ్మండి. నాకు పదేళ్ళప్పుడు పోయింది. ఫొటో నేదు. మా అయ్య పోయినాడు. పిన్నికి కళ్ళు కనిపించవు, మాయమ్మ ఎలాగుండీదో అదీ మర్చిపోనాది. మాయమ్మ మొకం తెలిసినోడు ఈ బూమ్మీద నానొక్కణ్ణే అనుకున్నాను. నాను పోతే మాయమ్మ మల్లీ పోద్దనుకునీవోణ్ణి." ఆమె కేసి తిరిగాడు. "సెరిపీకండమ్మా. మాయమ్మేనని సెప్పి, ఉంచుకోండి."

వకుళ తన ఎడమ చేతిని చూసుకుంది. కాసేపటికి అడిగింది.

"చుక్కల పచ్చబొట్టు ఎడమ చేతికి కదూ?"

"ఎడం సేతికే! ఐదు సుక్కలు!" సింహాచలం మొహం చిన్నపిల్లాడి మొహమైపోయింది. "సూసినారా! ఐదు!"

"ఐదు" అంది వకుళ. ఇద్దరూ నవ్వారు, ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు, పొగ మీదకి నెట్టేశారు.

"ఒకటి అడగనా? చివర్లో ఆవిడ ముక్క నోట్లో వేసుకుని అలా చూస్తూ కూర్చుంటుంది కదా. నాకు అమ్మంటే ఆ చూపే."

"నాకూ అంతేనండి. ముద్దుగా సూస్తందనుకునీవోణ్ణి. మొన్న పిన్ని సెప్పింది. ఈ దుంప వండినోలే ముందు తినాలంట. తిని, కూకోని, తల తిరుగుద్దేమోనని సూసుకోవాలంట. తిరిగితే బుట్ట గెడ్డలో పారబోసీడమే. పెట్టినోలు తినకండా ఎవులికీ పెట్టకూడదు, మా కాడ అది కట్టు." ఆయన గొంతు తగ్గించాడు. "మాయమ్మ తనకేటైపోద్దోనని సూసుకోనేదండి. తనకేటైనా అయితే నానేటైపోతానోనని, నన్ను సూసుకుంది."

వకుళ ఇంటికి వెళ్ళి ఏం రాయాలో అప్పుడే అనుకుంది. ఏడు పొద్దులు, పారే నీళ్ళు, వండినవాళ్ళే ముందు తినాలి, తిని ఆగాలి. సాక్షి ఒక్కరు, వంతల దాలమ్మ. ఇంకో మాట కూడా రాయాలనుకుంది, పుటలో కాదు, తన కోసం. అమ్మకి నీళ్ళంటే భయం, వాన పడితే నన్నెత్తుకుని తలుపు వెనక నిలబడేది. పెద్దమ్మ చెప్పింది. దానికి కునుకు అక్కరలేదు.

ముక్కలు ఉడికాయి. సింహాచలం అడ్డాకు మీద వేసి చల్లార్చాడు. వకుళ అలవాటుగా చెయ్యి చాపబోయింది. ఆయన ఒక ముక్క తీసి తన నోట్లో వేసుకుని, నమిలి మింగి, చెయ్యెత్తి "ఆగండి" అన్నట్టు చూపించాడు. ఎదురుగా రాయి మీద కూర్చున్నాడు. ఆకుల్లోంచి వెలుగు ఆయన మొహం మీద కదులుతుంటే, రెప్ప వెయ్యకుండా ఆమెనే చూశాడు.

వకుళ మెల్లగా తల దించి చూసుకుంది. పొగచూరిన నీలం నేతచీర, కుచ్చిళ్ళకి పసుపు చేల మట్టి. వాటి కింద ముడుచుకున్నవి తన మోకాళ్ళే.

ఆకలి దంచేస్తోంది. అయినా ఆయన సరే అనేదాకా కదలకుండా కూర్చుంది.